పెండ్లికి పోయిన బండి

పెండ్లిపత్రికకు పసుపు కుంకుమ పెట్టి చెల్లె చేతికిచ్చినంక సుత అంతయ్య లేవలే. కుర్చీ అంచుకు కూసొని తువ్వాలతోని మెడ తుడుసుకుంటనే ఉన్నడు. బాలలక్ష్మికి అన్న సంగతి చిన్నప్పటిసంది ఎరుకే. నోట్ల మాట ఇరుక్కుంటే ఆయన చెయ్యి మెడ మీదికి పోతది.

“ఏందన్నా, చెప్పరాదు,” అన్నది.

“ఏం లేదు చెల్లె. బిడ్డకు మేనత్తవు, నువ్వు లేంది పెండ్లెట్లయితది? బావను తీసుకొని రావాలె. గని...” అంతయ్య వాకిట్ల నిలబెట్టిన తెల్ల అంబాసిడర్ దిక్కు చూసిండు. “బస్సుల రాండ్రి. వియ్యంకులు జర పట్టింపు మనుషులు. గా బండి మనింటి ముందల నిలబడితే నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు.”

బాలలక్ష్మి ఖాళీ చాయ్ గిలాస తీసుకొని లోపలికి పోయింది. అన్న చెప్పుల సప్పుడు గల్మ దాటి పోయేదాక బయటికి రాలే.

ఆ బండి చేసిన పాపమేందంటే, ఒక పీనుగను మోసింది.

బాలలక్ష్మి మొగడు హనుమండ్లు శానేండ్లు రైసుమిల్లు షావుకారి కారు నడిపిండు. షావుకారు కొత్త బండి కొన్నప్పుడు పాతదాన్ని హనుమండ్లు తీసుకొని, హుజూరాబాద్ బస్టాండు పక్కన కిరాయి కార్ల స్టాండుల పెట్టిండు. తాగడు, తొందరపడడు, బండిని కన్నబిడ్డ లెక్క చూసుకుంటడు. లగ్గాల దినాలొస్తే పెండ్లికొడుకును ఊరేగించనీకి అందరు ముందుగాల హనుమండ్ల బండినే అడిగెటోళ్లు.

అది ఎనభై ఏడో సంవత్సరం. ఎండలు ముదురుతున్నయి. కరీంనగర్ పెద్దదవఖానకు ఒక కిరాయి దొరికితే, మేనకోడలు వినోదకు పెండ్లిచీర కొనాలని బాలలక్ష్మి సుత ముందట సీట్ల కూసొని పోయింది. చీర కొని మళ్లి వస్తుంటే దవఖాన గేటు కాడ ఒకాయన బండికి అడ్డమొచ్చి చేతులు జోడిచ్చిండు. మొండయ్యనట పేరు. వీణవంక అవతల పల్లె. వెనుక గోడ నీడకు గుడ్డ కప్పి పండవెట్టింది ఆయన పెండ్లాన్ని. జ్వరమొచ్చి తెల్లారంగ పానం పోయిందట. పొద్దటిసంది పోయే జీపునల్ల ఆపుతున్నడట. గుడ్డ దిక్కు చూసి అందరు పోతనే ఉన్నరట.

హనుమండ్లు స్టీరింగు మీద చేతులు పెట్టి కూసున్నడు. “లగ్గాల దినాలే,” అన్నడు పెండ్లాంతోని మెల్లగ. “తెలిస్తే ఒక్కడు బండి అడగడు.”

“తెలువనీ,” అని బాలలక్ష్మి దిగి, వెనుక దర్వాజ తానే తెరిచింది.

మొండయ్య, హనుమండ్లు కలిసి ఆమెను వెనుక సీట్ల పండవెట్టిండ్రు. బండి కదిలితే మెడ పక్కకు వాలుతున్నది. ఎవరో ఒకరు పట్టుకోవాలె. మొండయ్య ఏడుపుకే ఆగుతలేడు, ఆయనను ముందల కూసోబెట్టి బాలలక్ష్మి వెనుకకు పోయి ఆ తలను ఒళ్లె పెట్టుకున్నది. తన ఈడుదే. గుంత వచ్చినప్పుడల్ల ఆమె చేతి గాజులు గలగలమంటుంటే, బతికున్న మనిషి చెయ్యి పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకొని ఊరిదాక వచ్చింది.

తెల్లారేసరికి స్టాండంత తెలిసింది. స్టాండుకు పెద్ద జైపాల్‌రావు. ఆయనకే మూడు కార్లున్నయి, ఆయన మాటే అక్కడ చట్టం. హనుమండ్లను పిలిచి, కోపం లేకుంటనే చెప్పిండు. “పెండ్లికొడుకులు కూసునే సీటది. మా బండ్లకు సుత పేరు చెడుతది. పసుపునీళ్లతోని కడిగించి, శాంతి చేయించి, మేకను కోసి స్టాండుకు దావతియ్యి. ఆటెన్క లైన్ల పెట్టుకో.”

హనుమండ్లు నెమ్మది మనిషి. ఒక మేకతోని పోతే పోనియ్యి అనుకొని ఇంటికొచ్చి చెప్పిండు. బాలలక్ష్మి చేస్తున్న పని ఆపింది.

“తప్పు చేసినోళ్లు దండుగ కడ్తరు. మనమేం తప్పు చేసినం?”

“తప్పని కాదే. లోకం కోసం.”

“మీ బాపు ఏ మంచం మీద పోయిండు? నువ్వు రోజు పండే మంచం మీదనే గదా. దాన్ని కాలవెట్టినమా? మనుషులు బతికేటి సోటనే చస్తరు. మేకను కోస్తే, గా ఆడామెను ఎక్కించుకునుడు తప్పని మనమే ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను.”

ఆ మాట హనుమండ్లకు సుత లోపల ఉన్నదే. పైకి రావడానికి ఎవరో ఒకరు అనాలె, అంతే. స్టాండుకు పోయి, “దావతియ్యను రావుసాబ్,” అని ఒక్క మాట చెప్పి వచ్చిండు. ఆ పొద్దటిసంది ఆయన బండికి లైన్ల జాగ లేదు. పెండ్లిళ్లకు మాట్లాడుకున్నోళ్లు ఒకరెన్క ఒకరు వచ్చి, ఏదో వంక చెప్పి వద్దన్నరు. మార్కెట్టు యార్డు గేటు కాడ ఒంటిగ బండి పెట్టుకొని, దొరికిన కిరాయి చేసుకుంటున్నడు. ఊరు ఏమన్నా బాలలక్ష్మి పట్టించుకోలే. గిప్పుడు తోడబుట్టినోడే బస్సుల రమ్మన్నడు.

మాపు హనుమండ్లు వచ్చి చెంబు నీళ్లు తాగినంక ఆమె చెప్పింది. “వినోద పెండ్లికి బండిలనే పోదాం. లేకుంటే నేను పోను.”

“అన్నతోని పంతమెందుకే?”

“పంతం కాదు. గా పొద్దు తలను ఒళ్లె పెట్టుకున్నది నేను. బండి మైలపడితే నేను సుత మైలపడ్డట్టే. నన్ను రమ్మంటడు, బండిని వద్దంటడు. గదెక్కడి లెక్క?”

హనుమండ్లు నవ్విండు. శాన దినాలకు నవ్విండు.

పెండ్లి దగ్గరవడ్డంక బండికి అసలు కష్టమొచ్చింది. జమ్మికుంట తొవ్వల పోతుంటే స్టీరింగు చేతుల ఊగుడు మొదలువెట్టింది. ముందల ఎడమ దిక్కు టకటక సప్పుడు. ఆపి దిగి చూస్తే చక్రం వంకరగ నిలబడ్డది. చక్రాన్ని పట్టి ఉంచే నట్లు కొన్ని లేనే లేవు. నట్లు ఎక్కే ఇనుప కాడలు, వాటినే స్టడ్లంటరు, రెండు మొదట్లకు విరిగినయి. తక్కినయి చక్రం ఊగి ఊగి మరలు నలిగిపోయి ఉన్నయి. ఇంకొంచెం దూరం పోతే చక్రం ఊడి బండి బోర్లపడేది. ఉన్న నట్లనే బిగించుకొని, నడిచే మనిషి కంటె మెల్లగ ఇంటికి తెచ్చిండు.

నట్లు వాటంతటవే వదులైనయో, యార్డు గేటు కాడ ఎవలన్న వదులు చేసిండ్రో తెల్వదు. హనుమండ్లు ఎవరి పేరూ ఎత్తలే. “చూడంది ఎట్లంటం,” అన్నడు. బాలలక్ష్మి మనసుల మాత్రం ఒక మనిషి మెదిలిండు. పైకి అనలే.

మెకానిక్ సత్తార్ షెడ్డు స్టాండు వెనుకనే. హనుమండ్లు పోయి చెప్తే ఆయన తల ఎత్తకుంటనే విన్నడు. “నీతోని నాకేం లడాయి లేదు హనుమండ్లన్నా. గని స్టాండు బండ్లన్ని నా కాడికే వస్తయి. నీ బండి మీద చెయ్యి వేస్తే వాళ్లు రామన్నరు. నాకు సుత ఇల్లున్నది.” జర ఆగి, “నట్లు తిప్పే పానాలు సుత ఇయ్యలేనన్నా. ఫికర్ పెట్టుకోకు,” అన్నడు. ఫికర్ పెట్టుకోకుంట ఎట్లుంటడో ఆయనకే తెలువాలె.

హనుమండ్లు ఇంటికి రాకుంట అటే బస్సెక్కి వరంగల్ పోయి, కొత్త స్టడ్లు, నట్లు కాగితంల చుట్టించుకొని వచ్చిండు. షావుకారి దగ్గర ఉన్నప్పుడు ఈ పని చేసేది పక్కన నిలబడి చూసిండు. తన చేతులతోని ఎన్నడు చెయ్యలే. ఆ మాటే పెండ్లాంతోని అన్నడు.

“చూసినవు గదా. చేద్దాం,” అన్నది బాలలక్ష్మి.

పెండ్లికి ముందటి దినం పొద్దుగాల పని పెట్టుకున్నరు. పక్కింటి శంకరవ్వ గోడ మీదికెళ్లి చూసి, “వెనుక దొడ్ల చేసుకోరాదుండ్రి, తొవ్వల పోయేటోళ్లంత చూస్తున్నరు,” అన్నది మంచికే.

“చూడనీ వదినె. దొంగతనం చేస్తున్నమా?”

వెనుక చక్రాలకు రాళ్లు పెట్టిండ్రు. వాకిలి మట్టిది, జాకీ కూరుకుపోతదని కింద షాబాదు బండ వేసిండ్రు. బండి లేవకముందే నట్లు వదులు చెయ్యాలె. ఒకటి వచ్చింది. ఇంకొకటి ఎంత తిప్పినా స్టడ్డు సుత దాంతోని గిరగిర తిరుగుడే గని ఊడి రాదు. దాన్ని ఉలితోని చీల్చాలె. హనుమండ్లు ఉలి పెట్టి సుత్తె ఎత్తి కొట్టిండు. నాలుగు దెబ్బలు మంచిగనే పడ్డయి. ఆటెన్క ఉలి జారింది, సుత్తె ఆయన ఎడమ చేతి బొటనవేలు మీద పడ్డది. సుత్తె కింద పడేసి చెయ్యి కడుపుకు ఒత్తుకొని కూలబడ్డడు. చూస్తుంటనే వేలు నల్లగయి ఉబ్బింది.

బాలలక్ష్మి తడిగుడ్డ చుట్టి కట్టింది. “ఇగ కాదు లక్ష్మీ,” అన్నడు హనుమండ్లు, కండ్లల్ల నీళ్లు తిరుగుతుంటే. “రేపు బస్సుల పోదాం. బండిని ఆటెన్క చూస్త.”

ఆమె ఆయన మొకం చూసింది, వేలు చూసింది. జాలి కలిగింది గని ఆ జాలి వెనుకనే కోపం సుత వచ్చింది. ఆయన మీద కాదు. బస్సుల రమ్మన్న అన్న మీద, తల ఎత్తని సత్తార్ మీద, దావతడిగిన రావుసాబ్ మీద. వాళ్లంత ఎదురుచూస్తున్నది గీ మాట కోసమే అనిపించింది.

“నువ్వు చెప్పు, నేను కొడ్త,” అని కొంగు నడుముకు దోపింది.

కారం దంచి, వడ్లు దంచి పెరిగిన చేతులవి. బరువు ఎత్తుడు, గురి చూసి దించుడు వాటికి కొత్త కాదు. కొత్తది ఒక్కటే, ఇనుము మీద దెబ్బ పడితే ఆ అదురు మోచేతిదాక వస్తది. రెండు దెబ్బలకు అలవాటు చేసుకున్నది. నట్టు చీలింది.

తొవ్వల నలుగురు నిలబడ్డరు. స్టాండు డ్రైవరు ఒకడు స్కూటరు ఆపి, కాలు కింద పెట్టి, “హనుమండ్లన్నా, మెకానిక్‌ను మంచిగనే తెచ్చుకున్నవు,” అని నవ్విండు.

బాలలక్ష్మి సుత్తె పట్టుకొనే లేచింది. “నువ్వు వచ్చి కొడ్తవా తమ్మీ? కొడితే రా. లేకుంటే పో, వెలుతురు అడ్డమొస్తున్నది.”

వాడు పోయిండు. నిలబడ్డోళ్లల్ల ఎవరో నవ్విండ్రు. ఈసారి ఆ నవ్వు ఆమె మీద కాదు.

చక్రం తీసిండ్రు, దాని వెనుకటి బ్రేకు డ్రమ్మును కట్టెతోని తట్టి తీసిండ్రు. ఇగ చక్రం కూసునే ఇనుప దిమ్మెను హబ్బంటరు, దాంట్ల దిగబడ్డ పాత స్టడ్లను వెనుకకు కొట్టాలె. తుప్పు పట్టి కదులతలేవు. హనుమండ్లు మంచి చేతితోని గ్యాస్‌నూనె పోసి నానవెట్టిండు. అది నానేలోపల ఇద్దరు గట్క తిన్నరు. హనుమండ్లు చెయ్యి కడుక్కుంట, “ఎప్పుడన్న సుత్తె పట్టినవా?” అని అడిగిండు.

“ఎన్నడు పట్టనిస్తివి?”

తిన్నంక మళ్లి కూసున్నది. ఒకటి, రెండు, పది దెబ్బలు. స్టడ్డు మొండికేసింది. ఆమె సుత మొండికేసింది. చెమట కండ్లల్లకు కారుతున్నది, గాజులు అడ్డమొస్తున్నయని మోచేతి మీదికి ఎక్కించింది. ఒక దెబ్బకు సప్పుడు మారింది. ఖణేల్‌మనేది కాస్త బొంయ్‌మన్నది. ఇంకొక దెబ్బకు స్టడ్డు వెనుక దిక్కు జారి మట్టిల పడ్డది. బాలలక్ష్మి దాన్ని తీసి అరచేతుల పెట్టుకొని చూసింది. గీ బొటనవేలంత ఇనుపముక్క మీదనా మనుషులు పానాలు పెట్టి కూసునేది అనిపించింది. తక్కినయి దానంత సతాయించలే.

కొత్తవి ఎక్కించుడు ఇంకొక తీరు. వెనుక దిక్కుకెళ్లి పెట్టి, ముందల వాచర్లు పేర్చి, నట్టును తిరగేసి బిగిస్తుంటే స్టడ్డు కొంచెం కొంచెం లోపలికి గుంజుకొని వస్తది. పానాకు బోరింగు పైపు ముక్క తొడిగిండ్రు, బలం చాలనీకి. నట్టు తిప్పితే హబ్బంత తిరుగకుంట స్టడ్ల నడుమ గడ్డపార పెట్టి హనుమండ్లు మోకాలితోని తొక్కిపట్టిండు. బాలలక్ష్మి పైపు మీద బరువు వేసి గుంజింది. కిర్రుకిర్రుమనుకుంట స్టడ్డు వచ్చి వచ్చి, తల హబ్బుకు ఆనంగనే ఇగ కదులలే.

“ఆగు. కూసున్నది,” అన్నడు హనుమండ్లు.

పాత చక్రానికి బొర్రలు పెద్దగయినయని స్టెప్నీని తొడిగిండ్రు. ఎదురెదురు నట్లను మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించిండ్రు. జాకీ దించినంక మళ్లి బిగించిండ్రు. యార్డుదాక ఒక చక్కర్ కొట్టి వచ్చి, చూస్తే అన్నీ గట్టిగనే ఉన్నయి. మాపటికి బాలలక్ష్మికి భుజాలు పైకి లేవలే. అన్నం ముద్ద నోటిదాక పోవుడే కష్టమాయె. అయినా బండిని గుడ్డపెట్టి తుడిచిందాక పండలే.

పెండ్లినాడు అంతయ్య ఊరి పొలిమేర కాడ హనుమండ్లు బండిని మెల్లగ చేసిండు. “ఇక్కడ పెట్టి నడిచి పోదామా? ఇప్పుడన్నా చెప్పు.”

“నడిచేదుంటే నిన్ననే చేతులు పుండు చేసుకోకపోదును. ఇంటి ముందట ఆపు.”

అంతయ్య ఇంటి ముందట జాగ తక్కువని పెండ్లిపందిరి ఊరవతల బడి కాడ వేసిండ్రు. చుట్టాలంత ఇంటి కాడ కట్టుకునేది కట్టుకొని పోతున్నరు. తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగేసరికి మాటలు ఆగిపోయినయి. అంతయ్య బయటికొచ్చిండు. చెయ్యి అప్పుడే మెడ మీదికి పోయింది.

“చెల్లె, చెప్పిన గదనే.”

“చెప్పినవన్నా. నేను సుత చెప్పేదుండె, ఆ పొద్దు చెప్పలే. నేనూ గీ బండి ఒకటే. నేను గల్మల అడుగు పెట్టాల్నంటే ఇది వాకిట్ల నిలబడాలె. వద్దంటే చెప్పు. చీర, ఎండుకొబ్బరి కుడుకలు ఇక్కడ పెట్టి మళ్లిపోత. నీ మీద కోపం పెట్టుకోను, గని మళ్ల రాను.”

అంతయ్య పెండ్లాం మూతి ముడుసుకొని చీర సంచి దిక్కు చూసింది, అందుకోలే. అప్పుడు అర్రలకెళ్లి అన్నాచెల్లెండ్లను కన్న అవ్వ పోశవ్వ గొంతు వినపడ్డది. మోకాళ్లు పట్టుకుపోయి మంచానికే ఉంటున్నది ముసలామె. బడిదాక నడువలేదని, ఆమెను ఇంట్లనే ఉంచి పోతున్నరు.

“బాలలక్ష్మేనా? దేంట్ల వచ్చింది?”

“మా బండిల వచ్చినమవ్వా,” అన్నది బాలలక్ష్మి.

“గా పీనుగను మోసిన బండిలనా?”

“అదే.”

పోశవ్వ మంచం కిర్రుమన్నది. “పీనుగను మోసింది, నన్ను మొయ్యదా? నా మనుమరాలి పెండ్లి నన్ను చూడనియ్యరు మీరు. రాండ్రి, పట్టుకొని కూసోబెట్టుండ్రి.”

“అవ్వా, నువ్వూకో,” అన్నడు అంతయ్య.

“నువ్వు ఎత్తుకపోతవా మరి? ఎత్తుకపో. లేకుంటే నా బిడ్డ తీస్కపోతది.”

అంతయ్య ఎత్తుకపోలే. బాలలక్ష్మి, హనుమండ్లు రెండు దిక్కుల పట్టి అవ్వను తెచ్చి వెనుక సీట్ల కూసోబెట్టిండ్రు. బాలలక్ష్మి పక్కన కూసొని ఆమె కాళ్లు ఒళ్లెకు తీసుకున్నది. బండి డప్పుల నడుమకెళ్లి పోయి పందిరి ముందలనే ఆగింది. వియ్యంకుడు వచ్చి, ముసలామెను దింపుతుంటే చూసి, “గిదేనా గా బండి?” అని అంతయ్యను అడిగిండు. బాలలక్ష్మి విన్నది. దింపుతున్నదల్ల ఆగి అన్న మొకం చూసింది.

“మా చెల్లె బండి,” అన్నడు అంతయ్య. మెడ తుడుసుకోలే. వియ్యంకుడు ఇంకేమన్న అంటడనుకున్నరు గని, పోశవ్వ ఆయన చెయ్యి పట్టుకొని నా మనుమరాలిని మంచిగ చూసుకోవాలె బిడ్డా అని మొదలువెట్టింది. ఆ చెయ్యి ఆమె శానసేపు ఇడువలే.

తలంబ్రాలైనయి. బాలలక్ష్మి వరుసలనే కూసొని బువ్వ తిన్నది. ఆమె తెచ్చిన చీర వినోద కట్టిందో, అంతయ్య పెండ్లాం దాన్ని ఎవరికన్న ఇచ్చేసిందో తెల్వదు. ఆమె అడుగలే.

జైపాల్‌రావు స్టాండుల హనుమండ్లకు మళ్ల జాగ దొరకలే. ఆయన అడుగలే, మేకను కొయ్యలే. హుజూరాబాద్ దవఖాన ఎదురుంగ బండి పెట్టుకున్నడు. జ్వరాలోళ్లను, నొప్పులొచ్చిన ఆడోళ్లను తీస్కపోయెటోడు. పానం పోయినోళ్లను సుత తీస్కపోయెటోడు. ఆడమనిషి తోడు అవసరమైతే బాలలక్ష్మి ఎక్కి కూసునేది. కొన్ని దినాలు ఇల్లు గడువుడు కష్టంగనే ఉండె. ఆ కష్టం గురించి వాళ్లిద్దరు పెద్దగ మాట్లాడుకోలే.

మళ్లొచ్చిన లగ్గాలకు ఒకాయన ఇల్లు వెతుక్కుంట వచ్చిండు. కొడుకు పెండ్లట. స్టాండుల బండ్లన్నీ అయిపోయినయట. హనుమండ్లు ఇంట్ల లేడు. ఆయన వాకిట్ల బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, గొంతు తగ్గించి అడిగిండు. “గీ బండిల పీనుగలను ఎక్కిస్తరంటరు. నిజమేనామ్మా?”

“ఎక్కించినం. ఇంక సుత ఎక్కిస్తం. కడుగుతం, తుడుస్తం, మళ్ల నడిపిస్తం,” అన్నది బాలలక్ష్మి. “మీకు బండి కావాల్నా, వద్దా?”

ఆయన ఇంకొకసారి బండి దిక్కు చూసిండు. ఆటెన్క, పొద్దుగాల ఎన్ని గంటలకు పంపుతరని అడిగిండు.